రెండు కొసల బెంచీ

నేను ఒక బెంచీని. వెలగలపాలెం లూథరన్ చర్చిలో, స్త్రీల వైపు, ముందు నుంచి మూడో వరసలో నా చోటు. పాలిష్ అనేది నా ఒంటికి ఎన్నడూ తగల్లేదు. అయినా మెరుస్తుంటాను. ఇన్నేళ్ళుగా ఆదివారం ఆదివారం నా మీద కూర్చుని లేచిన నేతచీరలూ, వాయిలు చీరలూ, పండగలకి కట్టే పట్టుచీరలూ రుద్దిరుద్ది తెచ్చిన మెరుపు అది.

అంతకు ముందు నేను ఇదే చర్చి ఆవరణలో ఒక నిద్రగన్నేరు చెట్టుని. ఒక గాలివానలో కూలిపోయాను. కూలుతూ కూలుతూ అప్పటి పాస్టరు అయ్యగారి స్నానాలగది గోడని కూడా తీసుకుపోయాను. ఆ సమయానికి లోపల అయ్యగారు లేరు కాబట్టి అది దేవుని ప్రేమ అని మరుసటి ఆదివారం ప్రసంగంలో చెప్పారు. ఆయన లోపల ఉండి ఉంటే ఏమని చెప్పేవారో నాకు తెలియదు.

అప్పటిదాకా సంఘమంతా ఈతచాపల మీదే కూర్చునేది. చెట్టు ఎలాగూ పడింది గదా, బెంచీలు చేయిద్దామని పెద్దలు తీర్మానించారు. సంఘంలోనే ఉన్న యాకోబు మేస్త్రికి పని అప్పగించారు. యాకోబు మంచి పనివాడే గానీ ముందుచూపు తక్కువ. అన్నిటికంటే చివర నన్ను చేశాడు. అన్నిటికంటే పొడుగైన పలక నాకే వేశాడు. వేశాక కాళ్ళు గుర్తొచ్చాయి. చూస్తే కలప అయిపోయింది. మిగిలిన ముక్కలతో కాళ్ళు తయారుచేసి, అవి కొసలదాకా అందక, రెంటినీ మధ్యకి జరిపి బిగించాడు. నా రెండు కొసలూ గాల్లో ఉండిపోయాయి.

మొదట నా మీద కూర్చున్నది సంఘం కోశాధికారి. దిట్టమైన మనిషి. ఒక కొసన కూర్చున్నాడు. రెండో కొస పైకి లేచింది, ఆయన కిందికి పోయాడు. పంచె దులుపుకుంటూ లేచి, ఇదేం పనితనమయ్యా అన్నాడు. యాకోబు చెవి మీది పెన్సిలు సర్దుకుంటూ, "ఇది ఒక్కళ్ళు కూచునేదానికి కాదండి. సంఘానికి చేశా" అన్నాడు.

తప్పు కప్పిపుచ్చుకుంటున్నాడని అందరూ అన్నారు. నిజమే, కప్పిపుచ్చుకున్నాడు. అయితే ఆ మాట మాత్రం నాకు నచ్చింది. ఇన్నేళ్ళుగా దాన్ని పట్టుకునే నిలబడ్డాను.

ఆదివారం కాని రోజుల్లో నన్ను తీసుకుపోనివాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకి పందిట్లో వేశారు. ఒక పెళ్ళికొడుకు కొసన కూర్చుంటే అవతలి కొస మీది పెళ్ళికూతురు గాల్లోకి లేచింది, ఆ కథ ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. శవపెట్టెలు మోశాను. సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుల్లో అన్నం గంపలు మోశాను. క్రిస్మస్‌కి నక్షత్రం కట్టేవాళ్ళు నా మీద ఎక్కి, నేను ఒరిగితే నన్నే తిట్టారు. ఎవరు తీసుకుపోయినా శనివారం సాయంత్రానికి తిరిగి తెచ్చి మూడో వరసలో పడేసేవారు.

ఆ మూడో వరసకి ఇద్దరు యజమానురాళ్ళు. కిటికీ వైపు కొస సువార్తమ్మది, నడవ వైపు కొస ఎలీసమ్మది. కాగితం మీద అలా రాసి లేదు గానీ, తెలియక అక్కడ కూర్చున్న చుట్టాలు వాళ్ళ చూపుకే లేచిపోయేవారు.

సువార్తమ్మ మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. సండే స్కూలే ఆమె సంసారం. ఊళ్ళో మీసాలు నెరిసినవాళ్ళు కూడా ఆమె ఎదురుపడితే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతారు, ఎక్కడ ఆ వారం కంఠతా పట్టాల్సిన బంగారు వాక్యం అప్పజెప్పమంటుందోనని. ఎలీసమ్మ ఆమె తమ్ముడి భార్య. వంటలో, మాటలో, నవ్వులో ధారాళమైన మనిషి. ఆ తమ్ముడు జకరయ్య. అక్కకీ భార్యకీ మధ్య ఇల్లు కట్టుకున్నవాడు కాబట్టి, పేరుకి తగ్గట్టే, బైబిల్లో జకర్యాలాగా మాట పడిపోయినవాడు. సంఘ పెద్దల్లో ఒకడే గానీ మీటింగుల్లో ఆయన గొంతు ఎవరూ విని ఎరగరు.

మా ఆరాధనలో కూర్చోవడం కంటే లేవడం ఎక్కువ. పాపాల ఒప్పుకోలుకి లేవాలి, సువార్త పాఠానికి లేవాలి, విశ్వాస ప్రమాణానికి లేవాలి, ప్రార్థనకి లేవాలి. నా మీద మధ్యలో ఎంతమంది పిల్లలు కూర్చున్నా నా తూకమంతా కొసల్లోనే. అందుచేత వదినా మరదళ్ళిద్దరూ ఒకేసారి లేవాలి, ఒకేసారి కూర్చోవాలి. ఎలీసమ్మ పలక మీద వేలితో తట్టి "వదినా, లేస్తన్నా" అని గుసగుసగా అనేది. సువార్తమ్మ తల ఊపేది. ఇద్దరూ కలిసి లేచేవారు. చూసేవాళ్ళకి అది భక్తిలా కనిపించేది.

కొన్నేళ్ళకి నాకొక సంగతి తెలిసింది. సువార్తమ్మకి చెవులు వినబడటం తగ్గుతోంది.

నాకెలా తెలిసిందంటే, ఆమె అరచేయి నా పలక మీద ఆనించి కూర్చోవడం మొదలుపెట్టింది. హార్మోనియం మోగితే నేల వణుకుతుంది, నేల వణికితే నా కాళ్ళు వణుకుతాయి, ఆ వణుకు ఆమె చేతికి చేరుతుంది. పాట మొదలైందని ఆమెకి చెప్పేది నేనే. ఎలీసమ్మ లేస్తుంటే నేను కిటికీ వైపు రవ్వంత ఒరుగుతాను, ఆ ఒరుగుకి ఆమె లేచేది. మిగతాదంతా ఆమెకి కంఠతా వచ్చు. అడిగితే మాత్రం, ఈమధ్య అందరూ గొణుగుతున్నారని, గట్టిగా మాట్లాడే అలవాటు ఊరికే పోయిందని చెప్పేది.

ఎందుకు దాచింది అంటే, శాలువా భయం. మా సంఘంలో ఎవరినైనా పని మానిపించాలంటే మానుకోమని చెప్పరు. క్రిస్మస్‌నాడు ముందుకి పిలిచి, చప్పట్లు కొట్టి, శాలువా కప్పుతారు. గంట కొట్టే తాతకి అలాగే కప్పారు. పాటలు ఎత్తుకునే భక్తుడికీ అలాగే కప్పారు. ఆ తర్వాత వాళ్ళు గుమ్మం దగ్గర కూర్చుని, తమ పనిని వేరేవాళ్ళు పాడుచేస్తుంటే చూస్తూ ఉండిపోయారు. టీచరుకి వినబడటం లేదని తెలిస్తే మరుసటి క్రిస్మస్ శాలువా తనదేనని సువార్తమ్మకి తెలుసు. పిల్లలు లేని ఆదివారం ఆమె ఊహించుకోలేదు.

అప్పుడు జరిగింది ఆమెన్ గొడవ.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమల కాలంలో శుక్రవారం శుక్రవారం చర్చిలోనే స్త్రీల కూడిక ఉంటుంది. ఆ ఏడు స్త్రీల సమాజానికి ప్రెసిడెంటుగా ఎలీసమ్మని పెట్టాలని చాలామంది అనుకుంటున్నారు. ఎన్నికకి ముందు శుక్రవారం ఆమెని ప్రార్థన చేయమన్నారు. మా వాళ్ళ ప్రార్థనకి ఒక పద్ధతి ఉంది. పదవి రాబోతున్నప్పుడు తనని తాను ఎంత తగ్గించుకుంటే అంత మర్యాద. తగ్గించుకున్నవాళ్ళు మధ్యలో కాస్త ఆగుతారు, అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నట్టు చిన్నగా నిట్టూర్చాలి.

ఎలీసమ్మ తల మీద ముసుగు సర్దుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, నేను దేనికీ పనికిరానిదాన్ని. నా వంటకి రుచి లేదు, నా మాటకి అదుపు లేదు. ఈ అమ్మల ముందర నిలబడే యోగ్యత నాకు ఏ కోశానా లేదు తండ్రీ" అని ఆగింది.

నిట్టూర్పుల కోసం ఆగిన ఆ నిశ్శబ్దంలో సువార్తమ్మ, వెనక బెంచీ పిల్లవాడికి కూడా వినిపించే టీచరు గొంతుతో, "ఆమెన్" అంది.

మొదట ఒకావిడ నవ్వు ఆపుకోబోయి దగ్గింది. ఆ దగ్గుతో కట్ట తెగింది. అయ్యగారి భార్య, మేము అమ్మగారు అంటాం, పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎలీసమ్మ ప్రార్థనని ఎలాగో ముగించి కూర్చుంది. ఆ తర్వాత తనే పోటీలో లేనని తప్పుకుంది. ప్రెసిడెంటు పదవి ఎవరికో పోయింది.

ఇంటికి వెళ్ళాక, మీ అక్క అలా ఎందుకందో కనుక్కురమ్మని జకరయ్యని పంపిందట. సువార్తమ్మ అతని పెదవులు చూసి సగం అర్థం చేసుకుని, "ఆమెన్ అన్నాను. అంటే తప్పేంటి? మళ్ళీ అంటాను" అందట. జకరయ్య దాన్ని ఉన్నదున్నట్టు తీసుకొచ్చి అప్పజెప్పాడు. చాలా రోజులకి ఆయన మాట్లాడిన మొదటి మాట అదే, అదీ అలా తగలడింది.

ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య ప్రహరీ గోడ మీదుగా వెళ్ళే కూరగిన్నె ఆగిపోయింది. సువార్తమ్మ ప్రార్థన చేస్తే అందరూ ఆమెన్ అనేవారు, ఎలీసమ్మ పెదవి బిగపట్టేది. ఎవరి కొస మాత్రం వాళ్ళు వదల్లేదు. చోటు మార్చినవాళ్ళు ఓడినట్టు గదా. అందుచేత ఒకరితో ఒకరు మాట్లాడని ఆ ఇద్దరూ ప్రతి ఆదివారం నా మీద కలిసే లేచారు, కలిసే కూర్చున్నారు. వేలితో తట్టడం లేదు, గుసగుస లేదు. ఎలీసమ్మ ఒక్కసారి చటుక్కున లేస్తే చాలు, అవతల సువార్తమ్మ నేల మీద ఉంటుంది. ఆ ఆలోచన ఆమెకి రాలేదని చెప్పను. ఒకట్రెండు సార్లు ఆమె మడమలు బిగుసుకోవడం నాకు తెలిసింది. కానీ లేచేటప్పుడు నెమ్మదిగానే లేచేది. కోపంలో కూడా మనిషిని పడెయ్యకుండా చూసుకుంటున్నదాన్ని ఏమనాలో నాకు తెలియదు. అయ్యగారు దాని గురించే ప్రతి వారం ముప్పావుగంట చెప్పేవారు.

ఇక సువార్తమ్మ సంగతి. వేలి తట్టుడు పోయాక ఆమె చెయ్యి నా పలకని గట్టిగా పట్టుకునేది. చెమట పట్టేది. ఎక్కడ తప్పుతానోనని ఆరాధన అంతా ఆ రవ్వంత ఒరుగు కోసమే కాచుకుని కూర్చునేది.

కోత పండగ వచ్చింది. పండిన పంటలో మొదటిది చర్చికి తెచ్చి బలిపీఠం ముందు పెట్టే పండగ అది. వరికంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, మునగాకు కట్టలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆ రోజు ఆరాధన అయ్యాక ఆవరణలో ప్రేమ విందు. అంతమంది జనం, పైగా మసాలా వాసన లోపలిదాకా వస్తుంటే, అయ్యగారు దేవుని ప్రేమ ఎంత లోతైనదో, ఎంత వెడల్పైనదో చెప్పడం మొదలుపెట్టారు. లోతులోకి వెళ్ళేకొద్దీ జనం కళ్ళు కిటికీల వైపు వెళ్తున్నాయి.

అయ్యగారు వెడల్పు దాకా వచ్చేసరికి పక్క గుమ్మంలోంచి ఒక మేక లోపలికి వచ్చింది. చుట్టూ ఒకసారి చూసి, ఇదంతా తన కోసమే ఏర్పాటు చేశారనుకున్నట్టుగా నేరుగా బలిపీఠం దగ్గరికి వెళ్ళి మునగాకు కట్టలో మూతి పెట్టింది. అది ఎలీసమ్మ ఇచ్చిన మునగాకు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మేకని తోలడం ఏ కమిటీ కిందికి వస్తుందో తేలలేదు.

ఎలీసమ్మ ఆగలేకపోయింది. లేచింది.

నేను కిటికీ వైపు ఒరిగాను.

సువార్తమ్మ తల వంచుకుని కూర్చుని ఉంది, మేకని చూడలేదు. నేను ఒరగ్గానే, ఏళ్ళ అలవాటు ప్రకారం, నిటారుగా లేచి నిలబడింది. ప్రసంగం తర్వాత మా క్రమంలో వచ్చేది విశ్వాస ప్రమాణం. దాన్ని ఎత్తుకునేది ఎప్పుడూ సువార్తమ్మే. చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ టీచరు గొంతుతో "నమ్ముచున్నాను" అని అందుకుంది.

అయ్యగారి నోరు ఒక మాట మధ్యలో తెరుచుకుని అలాగే ఉండిపోయింది. సండే స్కూలు పిల్లలు టీచరు లేచింది కాబట్టి లేచారు. ఒకప్పటి సండే స్కూలు పిల్లలు, అంటే మీసాలు నెరిసినవాళ్ళు, భయంతో సగం లేచి సగంలో ఆగారు. ఎవరో కిసుక్కుమన్నారు. మేక ఒక్కటే తన పని తాను చేసుకుంటోంది.

ఎలీసమ్మ నడవలో నిలబడి వెనక్కి తిరిగి చూసింది. వదిన మొహం చూసింది. చర్చి అంతా గుసగుసలాడుతుంటే, ఒక్క గుసగుసా చేరని మొహం అది. ప్రశాంతంగా నమ్ముచున్నానని చెప్పుకుంటూ పోతోంది. ఆమె తిరిగి వచ్చి నా కొసన చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేసిన తీరుని బట్టి చెబుతున్నాను, ఆ శుక్రవారం నాటి ఆమెన్ ఆమెకి ఆ క్షణాన అర్థమైంది.

వెంటనే ఆమె గొంతెత్తి వదినతో కలిపింది. వంటపందిట్లో అరిచి అలవాటైన గొంతు. ఇద్దరి గొంతులకీ మిగతా స్త్రీలు లేచారు. స్త్రీలు లేచాక మగవాళ్ళు కూర్చుంటే బాగుండదని లేచారు. అయ్యగారు ఒకసారి తన కాగితాల వైపు, ఒకసారి మేక వైపు చూసి, ఆఖరికి తానూ కలిశారు. విశ్వాస ప్రమాణం అంత గట్టిగా మా చర్చిలో ఎప్పుడూ చెప్పలేదు. మేక బెదిరి పారిపోయింది. ఆ రోజు ప్రసంగం చాలా బాగుందని విందు దగ్గర అందరూ అయ్యగారి చెయ్యి పట్టుకుని చెప్పారు.

విందుకి నన్ను పందిట్లోకి మోశారు. గంపలు ఖాళీ అయ్యాక, ఎంగిలి విస్తళ్ళు ఎత్తేశాక, ఆ ఇద్దరూ వచ్చి చెరో కొసనా కూర్చున్నారు. మరెక్కడా చోటు లేదన్నట్టు. ఎలీసమ్మ మొహం అటు తిప్పుకుని, "వదినా, నీ జడలో తేలు పాకుతోంది" అంది. సువార్తమ్మ తాపీగా వక్కపలుకు నములుతోంది.

ఎలీసమ్మ ఆమె వైపు తిరిగింది. "ఎన్నాళ్ళనుంచి?"

"ఏంది ఎన్నాళ్ళనుంచి?"

"ఇనపడకపోవటం."

"నాకు బాగానే ఇనపడతంది. మీరే గొణుక్కుంటన్నారు" అంది సువార్తమ్మ. తర్వాత నా పలక మీద గోటితో గీసుకుంటూ కూర్చుంది. అలా గీస్తూనే, "ఎవరికీ చెప్పమాకే. శాలువా కప్పుతారు" అంది.

"ఆ శుక్రవారం నేనేం ప్రార్థన చేశానో తెలుసా నీకు?"

"ఏం చేస్తావు, సమాజం కోసం చేసుంటావు. మధ్యలో ఆగావు. చూస్తే ఒక్కళ్ళ నోరూ కదల్లా. నా మరదలు ప్రార్థన చేస్తే ఒక్కళ్ళు ఆమెన్ అనరా అని ఒళ్ళు మండింది. అందుకే అందరి బదులూ నేనే గట్టిగా అన్నా."

ఎలీసమ్మ ఏదో చెప్పబోయి చెప్పలేక నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పమిటతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత ఆ ప్రార్థన మొత్తం, వంటకి రుచి లేదన్న దగ్గర్నుంచి, వదిన మొహంలోకి చూస్తూ ఒక్కో మాటా విడమర్చి చెప్పింది. సువార్తమ్మ వింటూ వింటూ నోరు మూసుకుంది చేత్తో. "దానికా నేను ఆమెన్ అన్నది?" అంది. నా రెండు కొసలూ కదిలిపోయాయి, ఇద్దరూ అంతగా నవ్వారు. ఆ సాయంత్రం కూరగిన్నె మళ్ళీ గోడ దాటిందని జకరయ్య మొహం చూస్తే తెలిసింది.

కానీ శాలువా సంగతి తేలలేదు. చర్చి అంతా చూసింది గదా. ఆ వారంలోనే పెద్దలు వరండాలో కూడుకున్నారు. కూర్చోవడానికి నన్ను బయటికి తెచ్చారు, అందుకే నాకు తెలుసు. సెక్రటరీ గొంతు సవరించుకుని, సువార్తమ్మగారు సంఘానికి చేసిన సేవ మరువలేనిదని మొదలుపెట్టాడు. ఆ వాక్యం ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. ఈ క్రిస్మస్‌కి ఆవిడని సన్మానించుకుంటే బాగుంటుందని, తెనాలిలో మంచి శాలువాలు దొరుకుతాయని ముగించాడు. అందరూ తలలు ఊపారు.

నా నడిమధ్యన కూర్చున్న జకరయ్య కదిలాడు.

"మా అక్కకి చలేమీ వెయ్యట్లేదు" అన్నాడు.

అంతే. మళ్ళీ నేల చూస్తూ కూర్చున్నాడు. జకరయ్య మాట్లాడాడన్న ఆశ్చర్యం నుంచి తేరుకోవడానికే పెద్దలకి చాలాసేపు పట్టింది. గంట కొట్టిన తాత గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు, మీటింగుకి అతన్ని ఎవరూ పిలవలేదు. తన భుజం మీది శాలువా తీసి మడిచి పక్కన పెట్టాడు. అది చూశాక సెక్రటరీ వేరే సంగతి ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత ఎవరూ ఏ తీర్మానమూ చెయ్యలేదు గానీ, మా చర్చి మారింది. సండే స్కూల్లో ఎలీసమ్మ టీచరు పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. వాక్యం నోట్లో నోట్లో చెప్పే పిల్లలకి బెల్లంముక్క లేదంది. దాంతో మా పిల్లలు వాక్యాలు అరిచి చెప్పడం నేర్చుకున్నారు. అయ్యగారు లేవండి అనేటప్పుడు రెండు చేతులూ ఎత్తడం మొదలుపెట్టారు, భక్తి పెరిగిందని కొత్తవాళ్ళు అనుకున్నారు. పాటలు హెచ్చు గొంతుతో, ప్రార్థనలు మూడో వరస వైపు తిరిగి. వెలగలపాలెంలో భక్తి పొంగి ఉజ్జీవం వచ్చిందటగా అని పక్క ఊరి సంఘంవాళ్ళు చూడటానికి కూడా వచ్చారు. సువార్తమ్మ మాత్రం, చూశావా ఎలీసా, జనం గొణగటం మానేశారు అంది.

అందరికీ తెలుసు. తెలుసని సువార్తమ్మకీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు. నేను చెక్కని, లోతూ వెడల్పూ నాకు బాగా తెలిసిన విషయాలు. అయ్యగారు ఆ రోజు మేక వల్ల పూర్తిచెయ్యలేకపోయిన ప్రసంగం ఇదేనేమో అనిపిస్తుంది.

ఇప్పుడు చర్చి నిండా ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. నా తోటి బెంచీలు కొన్ని విరిగాయి, కొన్ని వంటచెరుకయ్యాయి. నన్ను మాత్రం మూడో వరసలోనే ఉంచారు. ఆ ఇద్దరూ ఉన్నారు గదా, ఉంచక తప్పలేదనడం సరైన మాట.

మళ్ళీ శ్రమల కాలం వచ్చింది, మళ్ళీ సమాజం ఎన్నికలు. మళ్ళీ ఎలీసమ్మ పేరే అనుకుంటున్నారు, మళ్ళీ శుక్రవారం ప్రార్థన ఆమెకే ఇచ్చారు. ఈసారి ఆమె వదిన వైపు తిరిగి, పెదవులు కనపడేట్టు చేసింది. పద్ధతి మారదు గదా, మళ్ళీ తగ్గించుకోవడమే. "ప్రభువా, నేను దేనికీ పనికిరానిదాన్ని" అంది. అని, ఆగింది. ఆగి, కొంటెగా, నా పలక మీద వేలితో ఒకసారి తట్టింది.

అమ్మగారు ముందుజాగ్రత్తగా పాటల పుస్తకం అందుకుంది.

సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. టీచరు గొంతుతో, పైకప్పు పెంకుల దాకా వినిపించేట్టు, "నమ్మమాక ప్రభువా. ఊరికే అంటంది" అంది.

దానికి ఆమెన్ అనాలో కూడదో ఎవరికీ తెలియలేదు. అయినా అందరూ ఒకేసారి ఆమెన్ అన్నారు. ఎలీసమ్మ నవ్వు ఆపుకోలేక లేచింది. అదే క్షణాన సువార్తమ్మా లేచింది. నేను ఎటూ ఒరగలేదు.